నోట్‌బుక్ నిండా జావాస్క్రిప్ట్ వింతలే.. ఇది నేర్చుకోవడమేనా?

పేరు రాయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం పంపారు. దాని సారాంశం ఇది.

ఆమె కొన్నేళ్లుగా వెబ్ పేజీల పని చేస్తున్నారు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లలో చెయ్యి తిరిగిన మనిషి. పేజీలతో పనులు చేయించే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ మాత్రం అవసరం పడ్డప్పుడు అక్కడో ముక్క, ఇక్కడో ముక్క తెచ్చి అతికించి నెట్టుకొచ్చారు. ఈ మధ్య టీమ్‌లో బాధ్యతలు మారడంతో సొంతంగా నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఏ కోర్సులోనూ చేరలేదు. పని మధ్యలో ఏదైనా విచిత్రం కనబడితే బ్రౌజర్ కన్సోల్‌లో (కోడ్ కొట్టి అప్పటికప్పుడు ఫలితం చూసే చోటు) కొట్టి చూడటం, నోట్‌బుక్‌లో రాసుకోవడం, ఇదే ఆమె పద్ధతి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. 'ఏమీ లేదు' అని చెప్పే నల్ ఏ రకమని అడిగితే ఆబ్జెక్ట్ (సమాచారపు మూట) అంటుంది. డేట్‌లో జనవరి అంటే 0. ఒక పనిని కాసేపాగి జరిపించే సెట్‌టైమౌట్‌కు సున్నా ఇచ్చినా ఆ పని వెంటనే జరగదు. ఇలా పేజీలు నిండాయి. కొత్తది దొరికిన ప్రతిసారీ టీమ్‌లో సంబరంగా చెప్పేవారు.

ఒక పేజీలో ఏ వ్యాసాన్ని ఎంతమంది చూశారో ఆ అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి వరసలో చూపించాలి. వరసలో పేర్చే సార్ట్ వాడితే పెద్ద అంకె ముందుకొచ్చింది. 'ఓహో, జావాస్క్రిప్ట్ పద్ధతి ఇదన్నమాట' అనుకుని దాని వెనక వరసను తిరగేసే రివర్స్ తగిలించారు. పరీక్షించినప్పుడు అంతా సరిగ్గానే ఉంది. లైవ్‌లోకి వెళ్లాక 9 కంటే ముందు 95 వచ్చి కూర్చుంది. మర్నాడు మీటింగ్‌లో అందరి ముందూ టీమ్ లీడ్, 'ఇది మొదటి చాప్టర్‌లోనే ఉంటుంది. వింతలు పోగేసే బదులు ఆ చాప్టర్ చదివుంటే బాగుండేది' అన్నారు. కొందరు నవ్వారు.

ఆ రోజు నుంచి ఆమె నోట్‌బుక్ తెరవలేదు. మీటింగ్ అంటేనే టెన్షన్‌గా ఉందట. 'నేను చేసింది నేర్చుకోవడమా, కాలక్షేపమా? అన్నీ పక్కన పెట్టి మొదటి పాఠం నుంచి కోర్సు చేయాలా? లేక ఇది నా వల్ల కాదని ఒప్పుకుని పూర్తిగా డిజైన్ వైపు వెళ్లిపోవాలా?' అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. బగ్ ఎందుకు వచ్చిందన్నది ఒకటి. నలుగురిలో మాట పడటం ఇంకొకటి. మీరు నేర్చుకునే తీరు సరైనదా అన్నది మూడోది. మాట పడ్డ బాధ మిగతా రెండింటినీ కమ్మేసింది. అందుకే ఒక బగ్ గురించి రాస్తూ రాస్తూ ఉద్యోగం మార్చుకోవడం దాకా వెళ్లిపోయారు. ముందు బగ్ సంగతి చూద్దాం. మీరు అడిగిన పెద్ద ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

మీరు పరీక్షకు పెట్టుకున్న అంకెలు 80, 9, 1000, 700. సార్ట్ చేస్తే 1000, 700, 80, 9 వచ్చాయి. 'సార్ట్ పెద్దదాన్ని ముందు పెడుతుంది' అని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. రివర్స్ చేస్తే 9, 80, 700, 1000. కళ్లెదుట అంత చక్కగా కనబడుతుంటే ఎవరికైనా అనుమానం ఎందుకొస్తుంది? కానీ లోపల జరిగింది వేరు. ఎలా పోల్చాలో మనం చెప్పకపోతే సార్ట్ ప్రతి విలువనూ స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరసగా మార్చేసి, నిఘంటువులో పదాల్ని పేర్చినట్టు మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది. 1000లో మొదటిది 1, 700లో 7, 80లో 8, తర్వాత 9. ఆ నాలుగు అంకెలకూ ఆ వరస అచ్చం పెద్దవి ముందున్నట్టే కనబడింది. అది కేవలం కాకతాళీయం. లైవ్‌లో 95 చేరింది. 9, 95 రెండూ 9తోనే మొదలవుతాయి కాబట్టి పొట్టిది ముందు, పొడుగుది తర్వాత. దాన్ని రివర్స్ చేస్తే 95, 9, 80, 700, 1000. మీరు చూసింది ఇదే.

సరిచేయడం తేలిక. సార్ట్‌కు ఒక చిన్న ఫంక్షన్ ఇవ్వాలి. అది రెండు విలువల్ని తీసుకుని, మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేసి, వచ్చినదాన్ని తిరిగిస్తే చాలు. ఫలితం సున్నా కంటే తక్కువైతే మొదటిది ముందుంటుంది, ఎక్కువైతే రెండోది ముందుకొస్తుంది. రివర్స్‌తో పనే లేదు. సార్ట్ పాత అర్రేనే (విలువల వరస) మార్చేస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి. పాతది అలాగే ఉండాలంటే 2023 ప్రమాణంలో వచ్చిన టుసార్టెడ్ వాడొచ్చు.

ఇప్పుడు అసలు మాట. మీరు గమనించింది నిజం, రాసుకున్న వాక్యం తప్పు. నాలుగు అంకెలు ఒక వరసలో వచ్చాయన్నది గమనిక. 'సార్ట్ పెద్దదాన్ని ముందు పెడుతుంది' అన్నది సూత్రం. ఈ రెంటి మధ్యా 'ఎందుకు' అనే ప్రశ్న ఒకటి ఉండాలి. మీరు దాన్ని దాటేసి ముందుకెళ్లారు. వెబ్ భాషల వివరాలుండే ఎండీఎన్ సైట్‌లో సార్ట్ గురించిన పేజీ తెరిస్తే, విలువల్ని స్ట్రింగ్‌లుగా మార్చి పోలుస్తుందన్న సంగతి మొదట్లోనే ఉంటుంది. రెండు నిమిషాల పని. అందుకే నేను మీ పద్ధతిని కాలక్షేపం అనను. అది సగం దారిలో ఆగిపోతోందంటాను. ఆశ్చర్యం కలిగిన చోటు నుంచి ఇంకో అడుగు వేస్తే అదే నికార్సైన చదువు అవుతుంది. పాఠం చదివి గుర్తుపెట్టుకున్నదాని కంటే, తనంతట తాను తగిలి, కారణం తవ్వి తీసినది చాలాకాలం నిలుస్తుంది. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

ఆ అడుగు వేస్తే ఇంకో లాభం ఉంది. మీ నోట్‌బుక్‌లో వింతలు ఎన్ని ఉన్నా, వాటి మూలాలు కొన్నే. సార్ట్ గొడవకు మూలం, జావాస్క్రిప్ట్ అడగకుండానే ఒక రకాన్ని ఇంకో రకంగా మార్చేయడం. స్ట్రింగ్ 5కు అంకె 1 కలిపితే 51 రావడం, అదే తీసేస్తే 4 రావడం కూడా ఇందులోదే. నల్ సున్నాకు సమానమా అంటే కాదంటుంది, సున్నా కంటే పెద్దదో సమానమో అంటే అవునంటుంది అని రాశారు కదా, అదీ అంతే. రెండు సమాన చిహ్నాల పోలికకు నల్ విషయంలో ప్రత్యేక నియమం ఉంది. అది అన్‌డిఫైన్డ్‌కు ('విలువే ఇవ్వలేదు' అని చెప్పేది) తప్ప మరే మామూలు విలువకూ సమానం కాదు. పెద్దా చిన్నా చూసే పోలిక మాత్రం నల్‌ను అంకెగా మార్చేస్తుంది, అప్పుడది 0 అవుతుంది. ఈ మార్పిడి నియమాలు ఒక్కసారి కూర్చుని చదివితే మీ నోట్‌బుక్‌లో చాలా పేజీలకు ఒకేసారి జవాబు దొరుకుతుంది.

0.1, 0.2 కథ వేరే కుటుంబానికి చెందింది. దానికి జావాస్క్రిప్ట్‌ను తిట్టుకోనక్కర్లేదు. ఐఈఈఈ 754 అనే ప్రమాణం ప్రకారం అంకెల్ని 64 బిట్లలో దాచే ప్రతి భాషలోనూ ఇదే జరుగుతుంది. పైథాన్‌లో కొట్టి చూడండి, అదే జవాబు. 0.1 అనే అంకె బైనరీలో ఎక్కడా ముగియదు, కాబట్టి దానికి అతి దగ్గరగా ఉన్నదాన్ని దాచుకుంటుంది. మీ పనిలో దీనికంటే ముఖ్యమైనది దీని చుట్టమే ఇంకొకటి ఉంది. 9007199254740991 దాటిన పూర్ణాంకాలన్నిటినీ జావాస్క్రిప్ట్ నంబర్ కచ్చితంగా దాచలేదు. చివర 3 ఉన్న 9007199254740993 ఇస్తే చివర 2గా మారిపోతుంది. సర్వర్ నుంచి పొడవాటి ఐడీలు అంకెలుగా వస్తుంటే ఏ ఎర్రర్ లేకుండానే ఒక ఐడీ ఇంకో ఐడీ అయి కూర్చుంటుంది. అలాంటివి స్ట్రింగ్‌గా పంపమని సర్వర్ వాళ్లను అడగండి.

1, 2, 3 అనే మూడు స్ట్రింగ్‌లున్న అర్రేలో ఒక్కోదాని మీదా ఫంక్షన్ నడిపే మ్యాప్‌కు, స్ట్రింగ్‌ను అంకెగా చదివే పార్స్‌ఇంట్ ఇస్తే 1, నాన్, నాన్ (నాన్ అంటే 'అంకె కాదు') వచ్చాయని రాశారు. ఆ ఫంక్షన్‌ను పిలుస్తున్నది మీరు కాదు, మ్యాప్. అది విలువతో పాటు దాని స్థానాన్ని కూడా అందిస్తుంది. పార్స్‌ఇంట్ తనకు వచ్చిన రెండోదాన్ని ఏ సంఖ్యామానంలో చదవాలో చెప్పే సూచనగా తీసుకుంటుంది. మొదటి దానికి 0 వెళ్లింది, అంటే ఏదీ చెప్పనట్టే, కాబట్టి 1 వచ్చింది. రెండోదానికి 1 వెళ్లింది, అలాంటి మానం చెల్లదు. మూడోదానికి 2 వెళ్లింది, బైనరీలో 3 అనే అంకె ఉండదు. మన ఫంక్షన్‌ను ఎవరు, ఏమిచ్చి పిలుస్తున్నారు అన్న ప్రశ్న అలవాటైతే ఈవెంట్లు, టైమర్లు, అన్నిచోట్లా అది పనికొస్తుంది.

కొన్నిటికి మాత్రం లోతైన కారణమంటూ ఏమీ ఉండదు, చరిత్ర ఉంటుంది. బ్రెండన్ ఐక్ 1995 మేలో నెట్‌స్కేప్‌లో ఈ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారు చేశారు. భాషను నడిపే ఆ మొదటి ఇంజిన్‌లో ప్రతి విలువకూ అది ఏ రకమో చెప్పే కొన్ని బిట్లు ఉండేవి. ఆబ్జెక్ట్ గుర్తు సున్నాలు. నల్ అంటే అన్నీ సున్నాలే. అందుకే నల్‌ను ఆబ్జెక్ట్ అంది. తర్వాత దీన్ని మార్చాలన్న ప్రతిపాదన వచ్చినా, ఉన్న సైట్లు పాడవుతాయని వదిలేశారు. నెలలు 0 నుంచి మొదలవడం అప్పటి జావాలోని డేట్‌ను చూసి తెచ్చుకున్నది. ఇలాంటివి తర్కంతో తేలవు, గుర్తుపెట్టుకోవడమే. వీటి దగ్గర ఎక్కువసేపు కూర్చోకండి. ఈ భాషను నడిపించే కమిటీ వాళ్లకే ఇలాంటి ఆశ్చర్యాలు తప్పలేదు. అర్రే లోపలి అర్రేలను విప్పి ఒకే వరస చేసే ఫ్లాటెన్ అనే కొత్త మెథడ్ చేరుద్దామనుకుంటే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ వాడే సైట్లు చెడిపోతున్నాయని 2018లో తేలింది. అందుకే ఇవాళ మనం దాన్ని ఫ్లాట్ అంటున్నాం. 'ఇది అందరికీ తెలిసిందే' అనే మాట ఈ భాష విషయంలో ఎవరూ అంత తేలిగ్గా అనకూడదు.

మీ నోట్‌బుక్ అంతటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన ఒక సంగతి. బటన్ నొక్కగానే 'లోడ్ అవుతోంది' అని చూపించమని రాశారు, దాని కింద పెద్ద లెక్క పెట్టారు, ఆ మాట తెర మీద కనబడనే లేదు, లెక్క అంతా అయ్యాక ఒక్కసారిగా ఫలితమే వచ్చింది అన్నారు. జావాస్క్రిప్ట్ పేజీలో ఒకసారి ఒకే పని చేస్తుంది. చేతిలో ఉన్న పని పూర్తయ్యేదాకా బ్రౌజర్ తెరను మళ్లీ గీయదు. మీ కోడ్ 'లోడ్ అవుతోంది' అని పెట్టింది నిజమే, కానీ దాన్ని గీసే అవకాశం బ్రౌజర్‌కు రాలేదు. సెట్‌టైమౌట్‌కు సున్నా ఇచ్చినా వెంటనే జరగకపోవడానికీ ఇదే కారణం. ఆ పని వరసలో చేరుతుంది, ఇప్పుడున్నది ముగిశాకే దాని వంతు వస్తుంది. తర్వాత వచ్చే ఫలితానికి గుర్తుగా ఉండే ప్రామిస్ పూర్తయితే, దాని వెంట చేయమన్న పని ఆ వరస కంటే ముందే జరుగుతుంది. మూడు చుట్ల లూప్‌లో, వేరియబుల్‌ను (విలువ దాచే పేరు) ప్రకటించే పాత పదం వార్ వాడి టైమర్లు పెడితే 0, 1, 2 బదులు మూడుసార్లు 3 రావడంలోనూ సగం కారణం ఇదే. టైమర్లు నడిచే సమయానికి లూప్ అయిపోయింది, అన్నీ చూస్తున్నది ఒకే వేరియబుల్‌ను. 2015లో వచ్చిన లెట్ ప్రతి చుట్టుకూ వేరే వేరియబుల్ ఇస్తుంది కాబట్టి దానితో ఈ ఇబ్బంది ఉండదు. పేజీ ఎలా కనబడాలో బాగా తెలిసిన మీలాంటి వాళ్లకు ఈ ఒక్క దారం పట్టుకుంటే చాలా విషయాలు విడిపోతాయి. పెద్ద లెక్కను ముక్కలు చేసి మధ్యమధ్య బ్రౌజర్‌కు వీలు కల్పించడమో, వెనక విడిగా నడిచే వెబ్ వర్కర్‌కు అప్పగించడమో చేసి చూడండి.

ఇక ముందు ఏం చేయాలన్నది. నాకు కొన్ని దారులు కనబడుతున్నాయి. ప్రతిదానికీ ఒక ఖర్చు ఉంది.

నోట్‌బుక్ కొనసాగించడం మొదటిది. అలాగే కొనసాగిస్తే సార్ట్ లాంటివి మళ్లీ వస్తాయి. మార్చి కొనసాగిస్తే సంగతి వేరు. కన్సోల్‌లో ఎంటర్ నొక్కే ముందు ఏం వస్తుందనుకుంటున్నారో రాయండి. తర్వాత ఏం వచ్చిందో రాయండి. ఆ తర్వాత ఎందుకో రాయండి. ఎందుకో తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి, ఊహతో నింపకండి. మీ సూత్రం తప్పని తేల్చగల అంకెలు ఒకట్రెండు వేసి చూడండి. 9 పక్కన 95 పెట్టి ఉంటే ఆ రోజే బయటపడేది. ఇలా చేస్తే వేగం తగ్గుతుంది. రోజుకో కొత్త వింత దొరికే సరదా ఉండదు. దానికి మీరు సిద్ధపడాలి.

రెండో దారి మొదటి పాఠం నుంచి కోర్సు. దీన్ని తీసిపారేయను. తగిలినవాటితోనే నేర్చుకుంటే ఒక లోపం ఉంది. ఆశ్చర్యపరిచేవే మన కంటపడతాయి. నెట్‌వర్క్ పోయినప్పుడు వచ్చే ఎర్రర్‌ను పట్టుకోకుండా వదిలేస్తే కన్సోల్‌లో మీకు ఏ వింతా కనబడదు, వాడే మనిషికి మాత్రం ఖాళీ పేజీ కనబడుతుంది. మాడ్యూళ్లు (విడి ఫైళ్లుగా పంచిన కోడ్), ఎర్రర్ల నిర్వహణ, టెస్టులు రాయడం, ఇవేవీ మీ నోట్‌బుక్‌లో లేవు, ఎప్పటికీ వాటంతట అవి వచ్చి చేరవు. అయితే మొత్తం కోర్సు మొదటి నుంచి చేస్తే వేరియబుల్ అంటే ఏమిటో, లూప్ అంటే ఏమిటో మళ్లీ వినాలి. పని చేసుకుంటూ సాయంత్రాలు చదివే వాళ్లు ఆ విసుగులోనే మధ్యలో మానేస్తుంటారు. నన్నడిగితే విషయసూచిక తీసుకుని మీ నోట్‌బుక్‌తో పోల్చి, మీరు ఎప్పుడూ తగలని అధ్యాయాలే ఎంచుకోమంటాను. క్లోజర్లు (తాము పుట్టిన చోటి వేరియబుళ్లను గుర్తుంచుకునే ఫంక్షన్లు), ప్రామిస్‌లు, ఎర్రర్లు ముందు. కానీ వరస లేకుండా చదవలేని మనస్తత్వం మీదైతే పూర్తి కోర్సే మేలు. అది మీకే తెలియాలి.

మీ టీమ్ వాడే ఫ్రేమ్‌వర్క్ (ముందే తయారైన కోడ్ చట్రం) ఒక్కటే నేర్చుకుని పని గడిపేయడం ఇంకో దారి. త్వరగా ఫలితం కనబడుతుంది, లీడ్ కూడా మెచ్చుకోవచ్చు. కానీ సార్ట్ అక్కడా స్ట్రింగ్‌లుగానే పోలుస్తుంది. బగ్ వచ్చినప్పుడు అది ఫ్రేమ్‌వర్క్‌దా, భాషదా అన్నది తేల్చడానికే సగం రోజు పోతుంది. దీన్ని నేను చివరి స్థానంలో పెడతాను. వచ్చే వారమే డెడ్‌లైన్ ఉంటే మాత్రం కొన్నాళ్లకు తప్పదు.

ఏ దారిలో వెళ్లినా కోడ్‌లో అనుమానపు చోట్లు పట్టిచ్చే ఈఎస్‌లింట్ పెట్టుకోండి. రకాన్ని మార్చకుండా పోల్చే మూడు సమాన చిహ్నాలే వాడమని గుర్తుచేసే నియమం అందులో ఉంది. జావాస్క్రిప్ట్‌కు రకాల తనిఖీ చేర్చే టైప్‌స్క్రిప్ట్ కూడా స్ట్రింగ్‌ను అంకెతో సమానమా అని పోలిస్తే అడ్డుకుంటుంది. అయితే అంకెల అర్రేను ఊరికే సార్ట్ చేస్తే టైప్‌స్క్రిప్ట్ ఏమీ అనదు. దానికి టైప్‌స్క్రిప్ట్ ఈఎస్‌లింట్‌లో వేరే నియమం ఉంది, అది విడిగా ఆన్ చేసుకోవాలి.

మీ టీమ్ లీడ్ విషయానికొస్తే, ఆయన చెప్పిన విషయం సరైనదే. అలా చెప్పిన తీరు సరైనది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. పైగా ఆ కోడ్ లైవ్‌లోకి వెళ్లే ముందు ఎవరో ఒకరు రివ్యూ చేసి ఉండాలి. రివర్స్ ఎందుకు ఉందని అప్పుడు ఎవరూ అడగలేదంటే ఆ తప్పులో టీమ్‌కూ వాటా ఉంది. మీరు ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. కొన్నాళ్లకు అందరూ మర్చిపోతారు, కానీ మీటింగ్‌లో నోరు విప్పాలంటే మీకున్న జంకు అలాగే ఉండిపోతుంది. అందరి ముందే తిరిగి సమాధానం చెప్పొచ్చు. అప్పుడు చర్చ సార్ట్ మీద నుంచి మీ ఇద్దరి మీదికి మళ్లుతుంది. విడిగా కలిసి మాట్లాడటం నాకు మెరుగనిపిస్తోంది. బగ్ ఎందుకు వచ్చిందో మీకు ఇప్పుడు పూర్తిగా తెలుసు కాబట్టి ముందు అదే చెప్పండి, ఏ ఇన్‌పుట్‌లతో టెస్ట్ రాశారో చూపించండి. ఆ తర్వాత, 'ఇలాంటివి రివ్యూలో రాతపూర్వకంగా చెప్పండి సార్, అందరి ముందు అలా అంటే నాకు తర్వాత ఏదీ అడగబుద్ధి కాదు' అని నేరుగా అనండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు టీమ్‌లో మీ కోడ్‌ను ఓపికగా చూసే ఇంకొకరిని వెతుక్కోండి. నవ్విన వాళ్లను పక్కన పెడితే, మీరు చెప్పే సంగతులు ఆసక్తిగా వినే జూనియర్ ఒకరున్నారని మీరే రాశారు. కారణంతో సహా రాసుకున్న పేజీలు ముందు ఆ వ్యక్తితో పంచుకోండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే ఆ విషయం మీకు వచ్చినట్టే.

డిజైన్ వైపు మారడం గురించి. ఆ పని మీకు ఇష్టమైతే అది మంచి దారే, అందులో తక్కువతనం ఏమీ లేదు. కానీ మీ ఉత్తరంలో డిజైన్ మీద ఇష్టం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఉన్నదల్లా ఆ మీటింగ్ నుంచి తప్పించుకోవాలన్న ఆరాటం. అందుకని ఇప్పుడే తేల్చకండి. లీడ్‌తో మాట్లాడండి, ప్రామిస్‌లు, ఎర్రర్ల అధ్యాయాలు పూర్తి చేయండి, ఆ తర్వాత ఒక చిన్న ఫీచర్‌ను డేటా తెచ్చుకోవడం దగ్గర్నుంచి తెర మీద చూపించేదాకా మీరొక్కరే రాయండి. అది రాస్తున్నప్పుడు మీకు ఎలా ఉందో గమనించుకుని, అప్పుడు మీ మేనేజర్‌తో ఈ విషయం ఎత్తండి.